కిట్ సున్నా అంటోంది, నీళ్లు తేటగా ఉన్నాయి

ప్రశ్న: మా ఇంటి ఈతకొలనులో నీళ్లు తేటగా ఉన్నాయి, నాచు జాడ కూడా లేదు. కానీ గులాబీ రంగు రావాల్సిన క్లోరిన్ పరీక్షలో రంగే రావడం లేదు. రోజూ క్లోరిన్ వేస్తున్నా సున్నాయే. పీహెచ్ గొట్టమేమో ముదురు ఊదాకు తిరుగుతోంది. యాసిడ్ పోయమంటారా? పిల్లల్ని దింపొచ్చా?

జవాబు: పిల్లల్ని దింపకండి. క్లోరిన్ వేయడం ఇప్పుడే ఆపేయండి, యాసిడ్ జోలికీ పోవద్దు. మీ కొలనులో క్లోరిన్ లేకపోవడం కాదు, బాగా ఎక్కువైపోయిందని నా గట్టి అనుమానం. నిజంగా సున్నా అయితే నీళ్లు ఇన్నాళ్లు తేటగా ఉండవు, పచ్చబడతాయి.

గులాబీ రంగు ఇచ్చేది డీపీడీ అనే మందు. క్లోరిన్ 10 పీపీఎం (పది లక్షల వంతుల నీళ్లకు 10 వంతులు) దాటిందంటే ఆ రంగునే విరిచేయడం మొదలుపెడుతుంది. ఈసారి మందు వేస్తూ గొట్టం మీంచి చూపు తిప్పకండి. గులాబీ చార ఒక్క క్షణం కనబడి మాయమైతే నా అనుమానం నిజమే. అప్పుడు ఒక వంతు కొలను నీళ్లకు నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి మళ్లీ పరీక్షించండి. వచ్చిన అంకెను 5తో హెచ్చవేయాలి: 3 వస్తే అసలు క్లోరిన్ 15. కుళాయి నీళ్లు కలపకండి, వాటిలోనూ క్లోరిన్ ఉండొచ్చు. ఇలా కలిపినా సున్నాయే వస్తే మందు పాతబడిందేమో చూసుకోండి, కొత్తది తెచ్చి మళ్లీ పరీక్షించండి.

ఊదా రంగుకూ కారణం అదే. అంత క్లోరిన్‌లో పీహెచ్ పరీక్షకు వాడే ఫినాల్ రెడ్ అనే మందు వేరే రంగుకు మారిపోతుంది. దాన్ని నమ్మి యాసిడ్ పోస్తే, బాగున్న పీహెచ్ కూడా పడిపోతుంది. పీహెచ్ సంగతి క్లోరిన్ దిగాకే చూడండి. కవర్ తీసి ఎండ తగలనివ్వండి, క్లోరిన్ దానంతటదే తగ్గుతుంది. 4కు దిగి, పీహెచ్ 7.2 - 7.8 మధ్య ఉందని తేలాకే పిల్లల్ని దింపండి.

మీరు వేసేది బిళ్లలా, ద్రవమా రాయలేదు. ట్రైక్లోర్ బిళ్లలైతే ఒక పరీక్ష తప్పకుండా చేయించండి, సయన్యూరిక్ ఆమ్లానిది. బిళ్లల నుంచి వచ్చే ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌తో పాటు దాదాపు 6 పీపీఎం ఈ ఆమ్లం కూడా నీళ్లలో చేరుతుంది. క్లోరిన్ ఖర్చైపోతుంది గానీ ఇది పేరుకుంటూనే ఉంటుంది. క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడేదీ, ఎక్కువైతే దాని పదును తగ్గించేదీ ఇదే. 30 - 50 మధ్య ఉంటే చాలు. 100 దాటితే మందులతో లాభం లేదు, కొంత నీరు తోడేసి కొత్త నీరు పట్టాల్సిందే.