బ్రేక్ ఆయిల్ ఎటు పోతోందో చెప్పగలిగితేనే పాతకార్ల పని

ప్రశ్న: మా అబ్బాయి ఆటోమొబైల్ డిప్లొమా పూర్తిచేశాడు. పాతకాలపు కార్లు బాగుచేసే వర్క్‌షాప్‌లోనే చేరతానని పట్టుబట్టాడు. అక్కడ ప్రాక్టికల్ టెస్టులో ఓ కారు చూపించి, ‘బ్రేక్ ఆయిల్ తగ్గిపోతోంది, కింద చుక్క కూడా లేదు, కారణమేంటి’ అని అడిగారట. మాస్టర్ సిలిండర్ మార్చాలన్నాడు. తీసుకోలేదు. ఆ జవాబు తప్పా? ఈ లైన్ వాడికి పనికిరాదా?

జవాబు: పూర్తిగా తప్పని అనలేమండీ. మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ను చక్రాల బ్రేకులకు తోసేది) వల్ల కూడా అలా జరుగుతుంది. కాకపోతే ఏదీ పరీక్షించకుండానే పార్టు పేరు చెప్పేశాడు. కొత్త కారుకైతే అనుమానం వచ్చిన పార్టు మార్చి చూసినా సరిపోతుందేమో. పాత బండికి అసలు పార్టు దొరకడమే కష్టం, దొరికినా కొలత కలవకపోవచ్చు. అందుకే ఆయిల్ ఎటు పోతోందో కళ్లకు కనబడేలా చూపించాకే స్పానర్ పట్టాలి.

అసలు లీకు ఉందా లేదా అన్నది ముందు తేల్చాలి. డిస్క్ బ్రేకుల ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి జరుగుతాయి. వాటి వెనక ఖాళీని ఆయిల్ నింపుతుంది కాబట్టి రిజర్వాయర్‌లో (బ్రేక్ ఆయిల్ పోసే డబ్బాలో) మట్టం కొంచెం కొంచెంగా దిగడం సహజం. అది నెలల మీద జరిగే పని. చదునైన నేల మీద బండి నిలిపి, రిజర్వాయర్‌కు టేపు అంటించి గీత గీస్తే, కొద్దిరోజుల్లోనే ఆ గీత కిందికి వెళ్లిందంటే అది లీకే. ఇంకో తికమక కూడా ఉంది. పెడల్ నొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారుతూ, మట్టం మాత్రం తగ్గకపోతే, మాస్టర్ సిలిండర్‌లో సీలు దాటి ఆయిల్ లోలోపలే వెనక్కి వెళ్తోందని అర్థం. టెస్టులో అడిగింది ఆ లోపం గురించి కాదు.

నేల మీద పడకుండా ఆయిల్ దాక్కునే చోట్లలో మొదటిది డ్రమ్ము. డ్రమ్ము తీసి, వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకు షూలను డ్రమ్ముకేసి నెట్టేది) చివర ఉండే రబ్బరు బూటు అంచును మొద్దు పనిముట్టుతో కొద్దిగా ఎత్తాలి. లోపల సన్నటి తడి ఉంటే కంగారు లేదు, చుక్క జారితే సీలు పోయినట్టే. వెనక చక్రాల దగ్గర యాక్సిల్ ఆయిల్ కూడా కారవచ్చు. అది చిక్కగా, గంధకం వాసనతో ఉంటుంది. అనుమానముంటే ఒక చుక్క నీళ్లలో వేయాలి. డాట్ 3, డాట్ 4 రకాల బ్రేక్ ఆయిల్ కలిసిపోతుంది, గేర్ ఆయిల్ పైకి తేలుతుంది. అయితే సిలికాన్ రకమైన డాట్ 5 కూడా నీళ్లలో కలవదు కాబట్టి బండిలో ఏది పోశారో ముందు అడగాలి. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. డ్రమ్ములోని దుమ్మును గాలికొట్టి ఊదకూడదు, తడిపి తుడవాలి.

రెండోది బూస్టర్, అంటే ఇంజిన్ వాక్యూమ్ సాయంతో పెడల్ బలాన్ని పెంచేది. మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోతే ఆయిల్ బూస్టర్‌లోకి దిగి, వాక్యూమ్ పైపు గుండా ఇంజిన్‌లోకి చేరి కాలిపోతుంది. సైలెన్సర్‌లో తెల్లటి పొగ కనిపించవచ్చు. వాక్యూమ్ పైపు ఊడదీసి లోపల తడి చూడాలి. తర్వాత బ్రేకు పైపులు వంగిపోకుండా మాస్టర్ సిలిండర్ నట్లు వదులు చేసి, కాస్త ముందుకు జరిపి వెనక చూడాలి. కొన్ని పాత బ్రిటిష్ కార్లలో సర్వో (బూస్టర్ పని చేసేదే) వేరేచోట, మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉంటుంది. దాని సొంత సీలు పోయినా ఆయిల్ ఇలాగే మాయమవుతుంది. అలాంటి బండికి మాస్టర్ సిలిండర్ మారిస్తే లీకు అలాగే ఉంటుంది. మీవాడి జవాబు తప్పయ్యేది అలాంటి చోటే.

బూస్టర్ లేని కారైతే పెడల్ దగ్గర కార్పెట్ ఎత్తి చూడాలి. పుష్‌రాడ్ (పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌ను నెట్టే కడ్డీ) వెంట కారిన ఆయిల్ అక్కడ పెయింటును ఉబ్బించి ఊడగొడుతుంది. క్లచ్చుకూ బ్రేకుకూ ఒకే రిజర్వాయర్ ఉన్న బండ్లలో బ్రేకులన్నీ పొడిగా ఉంటే క్లచ్ స్లేవ్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో క్లచ్చును కదిలించేది) బూటు చూడాలి. ఇవన్నీ అయ్యేదాకా బండిని రోడ్డెక్కించకూడదు. 1960ల చివరిదాకా వచ్చిన చాలా కార్లలో బ్రేకులకు ఒకటే సర్క్యూట్. ఒక్కచోట లీకు పెద్దదైతే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి.

ఇక ఈ లైన్ పనికొస్తుందా అన్నది. సమాధానం ఆలస్యమైనా విసుక్కోకుండా వెతికే స్వభావం మీవాడికుంటే వెళ్లనివ్వండి. మళ్లీ టెస్టుకు వెళ్లేలోపు స్క్రాపు వీల్ సిలిండర్లు విప్పి, లోపలి గోడ మీద గోరు ఆడించి గుంటలు పసిగట్టడం నేర్చుకోవాలి. గుంట పడిన సిలిండర్‌లో కొత్త సీలు వేసినా నిలవదు. సీళ్లకు మామూలు గ్రీజు పూస్తే ఉబ్బిపోతాయి, బ్రేక్ ఆయిలో రబ్బరు గ్రీజో వాడాలి. బ్రేకు పైపు చివరను లీకు కాకుండా మలిచే డబుల్ ఫ్లేర్, బబుల్ ఫ్లేర్ పద్ధతులు రెండూ చేతికి రావాలి. మరల మధ్య దూరం కొలిచే త్రెడ్ గేజ్ జేబులో ఉండాలి. మిల్లీమీటర్ల కొలతలోని ఎం10 పిచ్ 1 నట్టూ, అంగుళాల కొలతలోని 3/8 అంగుళం 24 త్రెడ్ల నట్టూ చూపుకు ఒకేలా ఉంటాయి. ఒకదాని బదులు ఇంకొకటి బలవంతంగా బిగిస్తే మరలు పాడై కొత్త లీకు పుడుతుంది.

తర్వాతి టెస్టులో కారణం చెప్పమంటే పార్టు పేరు చెప్పకుండా, ‘టేపు కావాలి, వాక్యూమ్ పైపు ఊడదీయొచ్చా’ అని అడిగి మొదలుపెట్టమనండి.