సమాధానం: సమ్మర్ టైర్లు బాల్కనీలో పెట్టొచ్చా?

మీ కారుకి ఎండాకాలంలో వాడే సమ్మర్ టైర్లు రిమ్ములతో (టైరు బిగించే లోహపు చక్రాలతో) సహా తీసేశాక బాల్కనీలో పెట్టొచ్చా అని అడిగారు; బిల్డింగ్ బేస్‌మెంట్‌లో లాకర్ కూడా ఉందన్నారు. బాల్కనీలో వద్దండీ. కెనడాలోని మాంట్రియల్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు మంచుకి పనికొచ్చే వింటర్ టైర్లు తప్పనిసరి కాబట్టి, తీసేసిన సమ్మర్ టైర్లు నెలల తరబడి బాల్కనీలో ఎండకి ఎండి, తడికి నానుతాయి. రబ్బరు గట్టిపడి పగుళ్లొస్తాయి. మీ బేస్‌మెంట్ లాకరే మంచిది. అయితే అక్కడ కూడా హీటర్‌కీ, మోటార్లకీ దూరంగా ఉంచండి. మోటార్ల నుంచి వచ్చే ఓజోన్ అనే వాయువు కూడా రబ్బరును తినేస్తుంది.

ముందు టైర్లకి అంటిన రోడ్డు మీది ఉప్పూ బురదా కడిగి, పూర్తిగా ఆరాక ఒక్కో టైరును పెద్ద ప్లాస్టిక్ కవర్లో పెట్టి గాలి తీసి కట్టేయండి. మీవి రిమ్ములతో ఉన్నాయి కాబట్టి ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టండి. రిమ్ము లేనివైతేనే నిలబెట్టి, నెలకోసారి కాస్త తిప్పాలి. ఏ టైరు కారులో ఎక్కడిదో చాక్‌పీస్‌తో రాసుకోండి.