80 వాట్లా, 140 వాట్లా? రిసీవర్ కొనేముందు వేటిని పోల్చాలి

మీ ప్రశ్న ఇదీ: మియాపూర్ ఫ్లాట్‌లో హాలు 12×16 అడుగులు, 55 అంగుళాల టీవీ. టీవీ సౌండ్‌ని స్పీకర్లకి పంచే ఒక 5.2 రిసీవర్ (ఐదు స్పీకర్లు, బేస్ కోసం రెండు సబ్‌వూఫర్లు తగిలించేది) డబ్బా మీద 140 వాట్లని ఉంది. అంతకంటే ఖరీదైన 7.2 రిసీవర్ మీద 80 వాట్లే ఉంది. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ పవర్ ఎందుకు కొనాలి?

ముందు వాట్ల సంగతి తేల్చుకుందాం. డబ్బాని పక్కన పెట్టి కంపెనీ సైట్లో స్పెసిఫికేషన్ పేజీ తెరవండి, అంకె పక్కనున్న చిన్న అక్షరాలు చదవండి. "6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్, 1 ఛానల్" అని ఉంటే, ఒక్క స్పీకర్‌ని గొంతు బొంగురుపోయేదాకా అరిపించి రాసుకున్న లెక్క అది. "8 ఓమ్స్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 0.08 శాతం, 2 ఛానల్స్" అన్నదే నమ్మదగిన లెక్క. ఈ రెండో లెక్కలోనే రెండింటినీ పోల్చండి, తేడా చాలావరకు కరిగిపోతుంది. ఒకవేళ నిజంగానే 140, 80 అనుకున్నా, మధ్య తేడా 2.4 డెసిబెల్స్, అంటే చెవికి కాస్తే తెలుస్తుంది. 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాటుకి మీటరు దూరంలో వినిపించే మోత) ఉన్న మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్‌కి 16 వాట్లు ఇస్తే, 10 అడుగుల దూరంలో సోఫాలో ఉన్నవాళ్లకి దాదాపు 90 డెసిబెల్స్ వినిపిస్తుంది. అపార్ట్‌మెంట్‌లో అంతకుమించి పెట్టే పని పడదు.

అసలు పోల్చాల్సింది రూమ్ కరెక్షన్, అంటే రిసీవర్ మైక్‌తో గదిలో శబ్దాన్ని కొలిచి, దానికి తగ్గట్టు సౌండ్‌ని సరిచేసే పద్ధతి. మన హాళ్లలో కింద విట్రిఫైడ్ టైల్స్, ఒకవైపు బాల్కనీ అద్దాల తలుపులు, ఇంకోవైపు తెరిచి ఉన్న డైనింగ్. మాటలన్నీ గోలగా కలిసిపోతాయి. పైగా 16 అడుగుల పొడవు గదిలో 35 హెర్ట్జ్ దగ్గర, 12 అడుగుల వెడల్పుకి 47 హెర్ట్జ్ దగ్గర బేస్ గుమ్మని మోగుతుంది, రెండడుగులు పక్కకి జరిగితే పల్చబడుతుంది. ఎక్కువ వాట్లు పెట్టినంత మాత్రాన ఇది తగ్గదు. ఈ కరెక్షన్‌కి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది: డెనాన్‌లో ఎక్స్2800హెచ్‌కి మల్ట్‌ఈక్యూ ఎక్స్‌టీ, ఎక్స్3800హెచ్‌కి ఎక్స్‌టీ32 ఇచ్చారు. ఈ రెండోది సబ్‌వూఫర్‌ని బాగా సూక్ష్మంగా సరిచేస్తుంది. యమహాలో వైపావో, ఆంక్యో ఆర్‌జెడ్50లో డిరాక్ లైవ్ వస్తాయి. చిన్న మోడల్ అయితే డబ్బాలో మైక్ ఉంది కదా అని ఊరుకోకండి. అది దూరం, లెవల్ సెట్ చేసి ఆగిపోతుందా, ఈక్వలైజేషన్ (ఏ స్వరం ఎక్కువైతే దాన్ని తగ్గించి సరిచేయడం) కూడా చేస్తుందా అని షాపులో గట్టిగా అడగండి.

కొలిచేటప్పుడు ఫ్యాను, ఏసీ ఆపేయాలి. మైక్‌ని చెవి ఎత్తులో ట్రైపాడ్ మీద పెట్టండి, సోఫా వీపు మీద ఆనిస్తే లెక్క తప్పుతుంది. అయిపోయాక సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడండి, ముందువైపు స్పీకర్లని "లార్జ్" అని పెట్టేసి ఉంటుంది చాలాసార్లు. వాటిని "స్మాల్" చేసి క్రాసోవర్ 80 హెర్ట్జ్‌కి పెట్టండి, అంతకంటే కింది బేస్ సబ్‌వూఫర్‌కి వెళ్తుంది.

ఇక ఛానళ్లు. పైన రెండు స్పీకర్లతో అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వచ్చే డాల్బీ పద్ధతి) కావాలంటే 5.1.2, అంటే చుట్టూ ఐదు, పైన రెండు కలిపి ఏడు ఛానళ్లు ఉండాల్సిందే. మీ ఫాల్స్ సీలింగ్ ఇంకా మూయకపోతే ఇప్పుడే వైర్లు లాగించండి, తర్వాత పీఓపీ పగలగొట్టాలి. సీలింగ్ అయిపోయి, పైన స్పీకర్లు వద్దనుకుంటే ఈక్వలైజేషన్ ఉన్న 5.2 చాలు. మిగిలిన డబ్బు మంచి సబ్‌వూఫర్‌కి పెట్టండి. ముందుముందు వేరే పవర్ ఆంప్ తగిలించే ఆలోచన ఉంటేనే ప్రీ-అవుట్స్ (ఆ ఆంప్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్లు) కోసం పైమోడల్‌కి వెళ్లండి.

టీవీలోని యాప్‌లతోనే సినిమాలు చూస్తే మామూలు ఆర్క్ (టీవీ సౌండ్‌ని రిసీవర్‌కి పంపే హెచ్‌డీఎమ్‌ఐ సాకెట్) సరిపోతుంది, ఓటీటీల్లో అట్మాస్ వచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్‌లోనే. టీవీకి పెట్టిన బ్లూరే ప్లేయర్ నుంచి ట్రూహెచ్‌డీ (నాణ్యత తగ్గని డాల్బీ సౌండ్) రిసీవర్‌కి చేరాలంటే, ఆర్క్ కంటే మెరుగైన ఈ-ఆర్క్ కావాలి.

అమెరికా నుంచి తెప్పిస్తే చవక అనేవాళ్ల మాట వినకండి. అక్కడి సెట్ 120 వోల్టులది, ఇక్కడి 230కి నేరుగా పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ బరువు, దాని గుయ్‌మనే మోత వేరే. ఇక్కడి వారంటీ కూడా ఉండదు.

టీవీ యూనిట్‌లో రిసీవర్ పైన కనీసం 4 అంగుళాలు ఖాళీ ఉంచండి, మీద సెట్‌టాప్ బాక్స్ పెట్టకండి. మే నెలలో మూసిన అరలో పెడితే సినిమా మధ్యలో వేడికి ఆగిపోతుంది. గోరువెచ్చని చోటికి బల్లులు కూడా చేరతాయి, వెంట్ కంతల్లోంచి దూరితే బోర్డు షార్టవుతుంది. వాడనప్పుడు స్విచ్ దగ్గరే ఆపేయండి.

వైరు కోఠీ గుజరాతీ గల్లీలో కొంటే చివర బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా బయటపడితే అల్యూమినియం మీద రాగి పూత, వద్దనండి. 30 అడుగుల లోపు 16 గేజ్, దాటితే 14 (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు). అర అంగుళం ఒలిచి, తీగలన్నీ మెలిపెట్టి బనానా ప్లగ్‌లో బిగించండి. జుట్టంత సన్నని పోగు ఒక్కటి బయటికొచ్చి పక్క టెర్మినల్‌కో, వెనక రేకుకో తగిలినా ఆన్ చేయగానే సెట్ ఆగిపోయి ఎర్రలైటు కొట్టుకుంటుంది. అప్పుడు సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసేముందు ప్లగ్ పీకి, స్పీకర్ వైర్లన్నీ తీసి, మళ్లీ ఆన్ చేయండి. లైటు మామూలుగా వెలిగితే తప్పు వైరులోనే ఉన్నట్టు. ఈసారి ఒక్కో స్పీకరే తగిలిస్తూ రండి, ఎక్కడ ఆగిందో ఆ వైరు దొరుకుతుంది.