హోటల్ తనిఖీ కాగితాలు ఆర్టీఐలో ఇస్తారా? ఇస్తారు, కానీ అడిగే తీరులో ఉంది

మీ ప్రశ్న రెండు ముక్కల్లో చెప్పుకుంటే: హోటల్లో తిని ఇంట్లో ముగ్గురికి వాంతులు, విరేచనాలు అయ్యాయి. ఫిర్యాదు చేస్తే "తనిఖీ చేశాం" అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నారు. ఆ తనిఖీ రిపోర్టు సమాచార హక్కు చట్టం కింద వస్తుందా, అడిగింది మీరేనని హోటల్ వాళ్లకు తెలిసిపోతుందా? మొదటిదానికి జవాబు వస్తుందనే. నేను తెచ్చుకున్నాను. కాకపోతే రెండు దరఖాస్తులు, ఒక అప్పీలు, దాదాపు ఐదు నెలలు పట్టింది.

మొదటి దరఖాస్తు కోపంలో రాశాను. "ఈ హోటల్ మీద ఇంతవరకు చర్య ఎందుకు తీసుకోలేదు? ఇక్కడ తినడం క్షేమమేనని మీరు హామీ ఇవ్వగలరా?" ఇలా ఆరు ప్రశ్నలు. సరిగ్గా 29వ రోజున రెండు లైన్ల జవాబు వచ్చింది: మీరు అడిగినది సమాచారం కిందికి రాదు. ఆ రోజు మండిపోయింది గానీ, నిజానికి వాళ్లదే కరెక్టు. ఆఫీసులో ఉన్న కాగితాన్ని చూపించమని అడిగే చట్టం ఇది. లేని వివరణను మనకోసం తయారు చేసి ఇవ్వాల్సిన పని పీఐఓకి, అంటే ఆ ఆఫీసులో ఆర్టీఐ దరఖాస్తులు చూసే సమాచార అధికారికి లేదు. "ఎందుకు" అన్న మాట కనిపిస్తే చాలు, తప్పించుకోవడానికి దారి దొరికినట్టే.

రెండోసారి ప్రశ్నార్థకం ఒక్కటి కూడా లేకుండా రాశాను. క్యాష్ కౌంటర్ వెనక గోడకు పెట్టే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) సర్టిఫికెట్ మీద 14 అంకెల నంబరు ఉంటుంది, ముందు అది రాసుకోండి. బిల్లు మీద కూడా ఉండాలి. 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్. హోటల్ పేరు మాత్రమే రాస్తే "ఆ పేరుతో మూడు ఉన్నాయి, ఏదో చెప్పండి" అని ఇంకో నెల తినేస్తారు. తర్వాత ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని హద్దు పెట్టి ఇవి అడిగాను: తనిఖీ రిపోర్టులు, చెక్‌లిస్టుతో సహా, ఆహార భద్రత చట్టం సెక్షన్ 32 కింద లోపాలు సరిదిద్దుకోమని ఇచ్చిన ఇంప్రూవ్‌మెంట్ నోటీసులు, వాటికి హోటల్ ఇచ్చిన జవాబులు, తీసిన శాంపిళ్ల మీద ఫుడ్ ఎనలిస్టు రిపోర్టులు, నా ఫిర్యాదు నడిచిన ఫైలు, నోట్ షీట్లతో (ఫైలు మీద అధికారులు రాసుకున్న పేజీలు) సహా. చివర్లో ఒక్క వాక్యం కలిపాను: "సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) ప్రకారం ఫైలును స్వయంగా చూసే అవకాశం కల్పించగలరు." ఆ తర్వాత నన్ను కాపాడింది ఆ వాక్యమే.

దరఖాస్తు జిల్లా ఆహార భద్రత కార్యాలయంలోని పీఐఓకి వెళ్లాలి, ఫీజు 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉంటే జిరాక్స్ జత చేయండి, ఫీజు ఉండదు. పొరపాటున మున్సిపాలిటీకి పంపినా 5 రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి. రైల్వే స్టేషన్, ఎయిర్‌పోర్టు లోపలి హోటళ్ల లైసెన్సులు మాత్రం కేంద్రం చేతిలో ఉంటాయి, వాటికి ఎఫ్ఎస్ఎస్ఏఐనే అడగాలి.

ఈసారి తిరస్కరించారు. సెక్షన్ 8(1)(డి), వ్యాపార రహస్యం అట. సింకు కింద బొద్దింకలు వ్యాపార రహస్యం ఎలా అవుతాయని రాయాలనిపించింది, రాయలేదు. అప్పీలులో రెండే పాయింట్లు పెట్టాను. ఒకటి, ఆర్‌బీఐ కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పింది: నియంత్రణ సంస్థ తన విధిగా చేసిన తనిఖీల రిపోర్టులను, నమ్మకంతో మాకు ఇచ్చిన రహస్యం అంటూ దాచలేదు. అది బ్యాంకుల సంగతే, కానీ తర్కం హోటల్‌కీ వర్తిస్తుందని రాశాను. రెండు, సెక్షన్ 10: ఇవ్వకూడని ముక్క ఏదైనా ఉంటే దాన్ని కొట్టేసి మిగతాది ఇవ్వాలి. వంటవాళ్ల మెడికల్ సర్టిఫికెట్లు నాకు అక్కర్లేదని నేనే ముందుగా రాసిచ్చాను. అప్పిలేట్ అధికారి ఫైలు చూపించమన్నారు.

వెళ్లి కూర్చుంటే బల్ల మీద సన్నటి ఫైలు పెట్టారు. మొదటి గంటకు ఫీజు లేదు, నాకు గంట కూడా పట్టలేదు. నా ఫిర్యాదు తర్వాత చేసిన తనిఖీ చెక్‌లిస్టులో అన్నీ టిక్కులే, ఒకే పెన్ను, ఒకే ఊపు. కానీ కింద రిమార్కుల్లో చేతిరాతతో మూడు లైన్లు: చేతులు కడుక్కునే చోట సబ్బు లేదు, ఫ్రిజ్‌లో పచ్చి మాంసం వండిన పదార్థాల పైఅరలో ఉంది, వేపుడు నూనె మార్చిన తేదీల రిజిస్టరు లేదు. నోటీసులో 15 రోజుల గడువు ఇచ్చారు. మళ్లీ వెళ్లి చూసిన దాఖలా మాత్రం ఫైల్లో ఎక్కడా లేదు. జిరాక్సు కాపీలు మాత్రమే అడిగి ఉంటే పై పేజీ టిక్కులే నాకు వచ్చేవేమో. పేజీకి 2 రూపాయల చొప్పున నాకు కావాల్సినవి కాపీ తీయించుకున్నాను. నోటీసు ఇచ్చి గడువు దాటినా మళ్లీ చూడలేదని ఆ కాపీలతోనే పై అధికారికి రాస్తే, పది రోజుల్లో వెళ్లి చూశారు.

ఇక మీ రెండో ప్రశ్న. హోటల్ వాళ్లు రహస్యమని ఇచ్చిన కాగితం ఏదైనా మీకు ఇవ్వాలనుకుంటే, సెక్షన్ 11 కింద పీఐఓ వాళ్లకు నోటీసు పంపి అభ్యంతరం చెప్పుకోమంటాడు. కాబట్టి ఎవరో అడిగారని తెలిసే అవకాశం ఉంది. నా విషయంలో తెలిసింది. మేనేజరు ఫోన్ చేసి "సార్, ఒకసారి వచ్చి మాట్లాడండి" అన్నాడు, నేను వెళ్లలేదు, అంతటితో అయిపోయింది. భయం ఉంటే ఇంటి అడ్రసు బదులు పోస్టు బాక్సు నంబరు ఇవ్వొచ్చని 2013లో కలకత్తా హైకోర్టు చెప్పింది. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని ఎలాగూ లేదు.

ఒకటి మాత్రం ముందే చెబుతున్నాను, ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మీరు తిన్న రోజు బిర్యానీ శాంపిల్ ఆ ఫైల్లో ఉండదు. ఫిర్యాదు అందాక వాళ్లు వెళ్లేసరికి ఆ గిన్నె కడిగేసి ఉంటారు. పరిహారం కోసమైతే మీ డాక్టరు చీటీలు, బిల్లు, ఆ రోజు మీతో తిన్నవాళ్ల మాటలే ఆధారం. ఈ రిపోర్టు దానికి తోడు మాత్రమే.

దరఖాస్తు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అది అందిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెట్టండి. దాటితే తిరస్కరించినట్టే లెక్క, ఆ తర్వాత 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. గడువు దాటాక ఇచ్చే కాపీలకు డబ్బు కూడా తీసుకోకూడదు, అడిగితే సెక్షన్ 7(6) చూపించండి.