అప్పీలు పెట్టు, కానీ సెప్టెంబరు వదలకు

చిరంజీవి చిన్నీకి,

పెద్దమ్మ దీవెనలు. ఇక్కడ అందరూ క్షేమం. మీ అమ్మకి ఇంకా ఏమీ తెలియదు కాబట్టి తనూ క్షేమమే.

నీ ఎమ్మెస్సీ అసైన్‌మెంటు తప్పిందని, పాసుకి 50 కావాల్సిన చోట 42 వచ్చాయని, నువ్వు యూనివర్సిటీ మీద అప్పీలు పెట్టబోతున్నావని నీ తమ్ముడు నోరు జారాడు. వాణ్ణి తిట్టకు, గుచ్చి గుచ్చి అడిగింది నేనే. విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సగం భయం. మిగతా సగం ఏమిటో నీకు చెప్తే తలకెక్కుతుంది గానీ, చెప్పేస్తాను: గర్వం. ఇంగ్లండులో, దేశం కాని దేశంలో, ఒక్కదానివే, ఈ మార్కులు ఎలా వేశారని అడగడానికి సిద్ధపడ్డావు. మన ఇంట్లో అలా అడిగిన ఆడపిల్లవి నువ్వే మొదలనుకుంటున్నావేమో. కాదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

వాడి చేత నీ పేపరు, మీ హ్యాండ్‌బుక్కు, ఆ ఫీడ్‌బ్యాకు అన్నీ ఫోన్‌లోకి తెప్పించుకుని కళ్లజోడు పెట్టుకుని చదివాను. మూడు రోజులు పట్టింది. ఇరవై ఏళ్లు ఇంటర్ పేపర్లు దిద్దిన చేతులు కదా, ఊరుకోలేదు.

ముందు నీ పక్షాన. ప్రశ్నలో 'మీరు ఎంచుకున్న సంస్థ' అని ఉంది. మూడో వారం స్లైడులో 'ఈ నాలుగింటిలోంచి ఒకటి' అని ఉంది. రెండూ చదివిన మనిషి ఏది పట్టుకోవాలి? నువ్వు మొదటిది పట్టుకుని మన ఊరి పాల డెయిరీ తీసుకున్నావు. అది వాళ్ల పొరపాటే. ఆ రెండు పేజీలూ ఇవాళే ఫొటో తీసి దాచు. రేపు స్లైడు మారిపోతే నీ చేతిలో ఏమీ ఉండదు.

ఇప్పుడు నీ సంగతి. ఫీడ్‌బ్యాకులో ఉన్నవి మూడు మాటలు. సంస్థ ఎంపిక గురించి ఒక్కటే. మిగతా రెండూ వర్ణన ఎక్కువ, విమర్శ లేదు అని. ప్రశ్నలో ఉన్న 'క్రిటికల్లీ ఇవాల్యుయేట్' అంటే బాగోగులు తూచి, ఏ వైపు మొగ్గుతావో, ఎందుకో చెప్పమని. నువ్వేం చేశావు? ఆ డెయిరీ ఎలా మొదలైంది, ఎన్ని ఊళ్ల నుంచి పాలు వస్తాయి, క్యాన్లు ఎలా కడుగుతారు... అక్షరాలా ఆవు వ్యాసం రాశావు కదే! చదువుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. స్పాట్ వాల్యుయేషన్‌లో రోజుకి ముప్పై పేపర్లు దిద్దేదాన్ని. చేతిరాత ముత్యాల్లా ఉండి, అడగని ప్రశ్నకి అద్భుతంగా జవాబు రాసిన పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోయేది. అయినా మార్కులు వేయడానికి చోటుండేది కాదు.

అందుకని అప్పీల్లో 'నా పేపరుకి ఇంకా ఎక్కువ రావాలి' అని రాయకు. ఇంగ్లండులో ఆ వాదన నిలవదు. ఎన్ని మార్కులు వేయాలన్నది దిద్దినవాళ్ల నిర్ణయం, దాన్ని అకడమిక్ జడ్జిమెంట్ అంటారు, అప్పీలు కమిటీ దాని జోలికి పోదు. పద్ధతిలో తప్పు జరిగిందని కాగితం పెట్టి చూపిస్తేనే వింటారు. నీకున్న కాగితం ఆ స్లైడు, ఆ ప్రశ్న. అంతే రాయి. అక్కడ కుదరకపోతే పైన విద్యార్థుల ఫిర్యాదులు వినే ఆఫీస్ ఆఫ్ ది ఇండిపెండెంట్ అడ్జుడికేటర్ అని ఉంది, ఫీజు లేదు. కానీ యూనివర్సిటీ తన విచారణ అంతా ముగిసిందని ఉత్తరం ఇచ్చాకే దాని దగ్గరికి వెళ్లాలి, అదీ ఏడాది లోపల. మార్కుల్ని అదీ ముట్టుకోదు. స్టూడెంట్స్ యూనియన్ వాళ్ల సలహా కేంద్రానికి ముందు వెళ్లు. ఉచితమే, సిగ్గుపడకు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది.

1983 మార్చిలో నేను బి.ఏ. చివరి సంవత్సరం రాశాను. తెలుగు మీడియం. ఎకనామిక్స్ పేపర్లో ప్రశ్నలు రెండు భాషల్లోనూ అచ్చయ్యేవి. తెలుగులో 'ఏవైనా అయిదు ప్రశ్నలకు జవాబులు రాయుడు' అని ఉంది. ఇంగ్లీషు వైపు మాత్రం ప్రతి సెక్షన్ నుంచి కనీసం రెండు రాయాలని ఇంకో ముక్క ఉంది. నేను అటు చూడనేలేదు. అయిదూ మొదటి సెక్షన్లోవే రాసేసి, అరగంట ముందే లేచి వచ్చేశాను. బయట వేపచెట్టు కింద ఎవరో ఇంగ్లీషు మీడియం పిల్ల సెక్షన్ల సంగతి ఎత్తేసరికి కాళ్లు చల్లబడ్డాయి. మూడు జవాబులే దిద్దారు. 33 వచ్చాయి. గట్టెక్కడానికి 35 కావాలి.

నాది తప్పు కాదని నాకు తెలుసు. ఇప్పటికీ అదే అంటాను. రీవాల్యుయేషన్‌కి దరఖాస్తు పెట్టి, దానితో పాటు నాలుగు పేజీల ఉత్తరం కూడా రాశాను. తాతయ్య సెప్టెంబరు పరీక్షకి ఫీజు డబ్బులు చేతిలో పెట్టి, "ఎందుకైనా మంచిది, కట్టెయ్యమ్మా" అన్నారు. కట్టలేదు. ఆ డబ్బులు జామెట్రీ బాక్సులో పెట్టాను. ఫీజు కడితే ఫెయిలయ్యానని నేనే ఒప్పుకున్నట్టవుతుందని నా పంతం. రోజూ పెట్టె తెరిచి నోట్లు చూసుకునేదాన్ని. చివరి తేదీ ఒక శుక్రవారం. ఆ రోజు కూడా పోస్ట్‌మ్యాన్ కోసం అరుగు మీద కూర్చున్నాను గానీ కాలేజీకి వెళ్లలేదు. తర్వాత అవే డబ్బులతో బస్సెక్కి రెండుసార్లు యూనివర్సిటీకి వెళ్లొచ్చాను. గుమాస్తా తలెత్తకుండానే "వస్తుందమ్మా" అన్నాడు. నవంబరులో కార్డు వచ్చింది. మార్పు లేదు.

నా స్నేహితురాళ్లు సెప్టెంబరులో రాసి, గట్టెక్కి, ఎం.ఏ.లో చేరిపోయారు. నేను మళ్లీ మార్చి దాకా ఇంట్లోనే. ఆ ఖాళీలోనే రెండు సంబంధాలు వచ్చాయి. తాతయ్య "ఇంక చదువు చాలేమో" అన్నారు. నా మీద కోపంతో కాదు, ఎటూ తోచక. మీ అమ్మ అప్పుడు తొమ్మిదో తరగతి. వంటింటి గుమ్మంలో నిలబడి, అక్క చదువుకోకపోతే నేనూ బడికి వెళ్లనని ఏడ్చింది. ఆ ఏడుపే నన్ను కాలేజీకి తిరిగి పంపింది. మీ అమ్మ ఈ సంగతి ఎప్పుడూ చెప్పి ఉండదు. మర్చిపోయిందేమో కూడా.

అందుకే నీకు నా గోల. అప్పీలు ఫలితం వచ్చేదాకా ఆగుదామని రీసబ్మిషన్, అదే ఆ అసైన్‌మెంటు మళ్లీ రాసి ఇవ్వడం, పక్కన పెట్టకు. ఎంత బాగా రాసినా 50 దగ్గరే ఆపుతారని నీకు ఉక్రోషం. తెలుసు. ఆపనీ. అక్కడ ఎమ్మెస్సీకి 50 అంటే పాసు. 70కి డిస్టింక్షనే ఇస్తారట, ఇక్కడ మీ మామయ్యలకి 70 అని చెప్తే పెదవి విరుస్తారు. నీ న్యాయం నీ దగ్గరే ఉంటుంది, ఎక్కడికీ పోదు. తేదీ మాత్రం పోతుంది. అప్పీలుకీ గడువు చిన్నదే ఉంటుంది, మీ రూల్సులో ఎన్ని పనిదినాలో చూసి లెక్కపెట్టు.

మాడ్యూల్ లీడరుకి, అదే ఆ సబ్జెక్టు చూసే మేడమ్‌కి, మెయిలు పెట్టేటప్పుడు 'సారీ మేడమ్, ప్లీజ్ మేడమ్' అని సాగదీయకు. 'ఈసారి సంస్థ ఆ నాలుగింటిలోంచే తీసుకోవాలా, నాకు నచ్చింది తీసుకోవచ్చా?' అని ఒక్క ప్రశ్న అడిగి, జవాబు రాతలో తెప్పించుకో. ఆ రోజు పరీక్ష హాల్లో నేనూ చెయ్యెత్తి ఇన్విజిలేటర్ని ఒక్క మాట అడిగి ఉంటే... సరేలే.

ఇంకోటి. మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో డబ్బులిస్తే అసైన్‌మెంటు రాసి పెడతామనే వాళ్లు తిరుగుతుంటారట. ఇంగ్లండులో 2022 చట్టంతో ఆ వ్యాపారం నేరమైంది. రాయించుకున్న పిల్లల్ని యూనివర్సిటీలు వదలవు. నువ్వు అలాంటిదానివి కాదని తెలుసు. అర్ధరాత్రి, ఆకలితో, ఒంటరిగా ఉన్నప్పుడు మనిషి ఎలాంటిదో నాకు తెలియదు. అందుకే చెప్తున్నాను. వండుకోవడం మానకు. పప్పూ అన్నమైనా సరే.

రీసబ్మిషన్ తేదీ ఈ రాత్రికే పంపు. వంటింటి క్యాలెండర్లో పాల లెక్క పక్కన రాసుకుంటాను. వారం ముందు నుంచి రోజూ ఫోన్ చేస్తాను, విసుక్కో.

మీ అమ్మకి ఆదివారం లోపల నువ్వే చెప్పు. సోమవారం పొద్దున్న నేను చెప్పేస్తాను.

నీ
పెద్దమ్మ