పెళ్లి క్యాసెట్టు పెట్టే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మీ చిన్న మామయ్య కువైట్ నుంచి తెచ్చుకున్న ప్లేయరు, డీవీడీ, వీడియో క్యాసెట్టు రెండూ ఆడేది, ఇప్పుడు మీ ఇంటికి చేరిందనీ, వచ్చే ఆదివారం అందరూ కూర్చుని మీ అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్టు చూడాలనుకుంటున్నారనీ తెలిసి సంతోషించాను. ఆ ఆదివారాన్ని రెండు మూడు వారాలు వాయిదా వెయ్యమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ అత్తయ్య పెళ్లి క్యాసెట్టు విషయంలో నేను చేసిన తొందరపాటు నీకు తెలియదు. ఏళ్ల తరబడి మూలనపడి ఉన్న ప్లేయరును తుడిచి, ముందూ వెనకా చూసుకోకుండా నేరుగా ఆ క్యాసెట్టే పెట్టాను. సన్నాయి వినిపించింది, పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి తెస్తున్న మేనమామలు కనిపించారు, అంతలోనే గరగరమని చప్పుడై తెర నల్లబడింది. మూత విప్పి చూసేసరికి టేపు రబ్బరు చక్రానికి చుట్లు చుట్లుగా చుట్టుకుని, అంచులు నలిగి ముడతలు పడి ఉంది. దానికి మరో ప్రతి లేదు. జీలకర్ర బెల్లం పెట్టే ఘట్టం ఈనాటికీ గీతల మధ్యనే చూడాలి.

రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి గనుక డిస్కూ క్యాసెట్టూ ఒకే తీరువని అనుకోవద్దు. డిస్కును వెలుతురు మాత్రమే తాకుతుంది. ఎన్నిసార్లు వేసినా దానికి అరుగుదల లేదు. టేపు సంగతి అలా కాదు. ప్లేయరు దాన్ని డబ్బాలోంచి బయటికి లాగి, నిమిషానికి 1500 సార్లు తిరిగే డ్రమ్ము చుట్టూ వాల్చి చుడుతుంది. ఆ డ్రమ్ము మీది హెడ్లు, అంటే టేపును చదివే చిన్న ముక్కలు, టేపును రాసుకుంటూ పోతేనే బొమ్మ వస్తుంది. టేపును సెకనుకు 23 మిల్లీమీటర్ల చొప్పున నడిపించేది చిన్న రబ్బరు చక్రం. వాడకం లేక ఆ చక్రమూ లోపలి బెల్టులూ గట్టిపడ్డాయంటే పట్టు జారి, టేపు నలిగిపోతుంది. అందుకే ఎక్కువ వాడిన ప్లేయరు కన్నా ఎంతో కాలం వాడకుండా ఉంచిన ప్లేయరుకే నేను ఎక్కువ భయపడతాను.

కాబట్టి మొదట క్యాసెట్టును చూడు. పక్కనున్న చిన్న మీటను నొక్కితే ముందు మూత పైకి లేస్తుంది, కానీ టేపును వేలితో తాకకు. మన గోదావరి జిల్లాల తేమకు బీరువాలోని క్యాసెట్లకు బూజు పట్టడం మామూలే. క్యాసెట్టు మీదున్న పారదర్శకమైన కిటికీలోంచి చూసినప్పుడు టేపు చుట్టల మీద తెల్లటి పొడిగానీ మచ్చలుగానీ కనిపిస్తే దాన్ని ప్లేయరులో పెట్టనే వద్దు. ఆ బూజు హెడ్లకు అంటుకుని, తరువాత పెట్టిన ప్రతి క్యాసెట్టుకూ పాకుతుంది. అలాంటిదాన్ని విడిగా సంచిలో పెట్టి, టేపులు శుభ్రం చేసే పని తెలిసినవారికి అప్పగించాలి.

క్యాసెట్టు బాగానే ఉన్నా, ముందు పోయినా బాధ లేని పాత సినిమా క్యాసెట్టు ఒకటి పెట్టి అరగంట నడిపించు. ముందుకూ వెనక్కూ తిప్పి, బయటికి తీసి, అంచులు నలిగాయేమో పరిశీలించు. బొమ్మ మీద గీతలు పడుతుంటే హెడ్లను టేపుతో సరిగ్గా కుదిర్చే ట్రాకింగ్ మీట సరిచెయ్యి. అయినా తెరంతా చుక్కలే కనిపిస్తే హెడ్లు మురికిపట్టాయన్నమాట. వాటిని దూదిపుల్లలతో తుడవవద్దు. దూది పోగు హెడ్డుకు తగులుకుంటే అది విరిగిపోతుంది. ఇది చేతికి అలవాటున్న పని కనుక మీ ఊళ్లో పాత రేడియో, టీవీ మెకానిక్కు ఎవరైనా మిగిలి ఉంటే ఆయన చేతనే చేయించు.

తీగల విషయంలో చాలామంది పొరబడతారు. ఇలాంటి ప్లేయర్లలో చాలావాటికి, కొత్త టీవీకి కలిపే మంచి కనెక్షన్ నుంచి డిస్కు బొమ్మ మాత్రమే వస్తుంది. క్యాసెట్టు బొమ్మ పసుపు, ఎరుపు, తెలుపు తీగల నుంచే వస్తుంది. తెర ఖాళీగా ఉంటే ప్లేయరు చెడిపోయిందనుకునే ముందు ఆ మూడు తీగలూ కలిపి చూడు.

క్యాసెట్టు వెనక అంచున ఎడమ చివర చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది ఇంకా ఉంటే విరిచెయ్యి. అప్పుడు పొరపాటున రికార్డింగ్ మీట నొక్కినా పెళ్లి చెరిగిపోదు.

ఇవన్నీ సరిచూసుకున్నాక పెళ్లి క్యాసెట్టును ఒక్కసారి పెట్టండి. ఆ ఒక్కసారిలోనే చూడడమూ, నకలు తీసుకోవడమూ రెండూ జరగాలి. పసుపు, ఎరుపు, తెలుపు తీగలను కంప్యూటరుకు కలిపే చిన్న పరికరం దొరుకుతుంది. 180 నిమిషాల క్యాసెట్టుకు మూడు గంటలూ పడుతుంది, తొందరపెట్టే దారి లేదు; ఎవరో ఒకరు పక్కనే కూర్చుని ఉండాలి. ఆ ఫైలును రెండు చోట్ల దాచి, ఒకటి మీ అన్నయ్య దగ్గర ఉంచు. చివరి వరకూ వీసీఆర్లు, అంటే ఈ క్యాసెట్టు ప్లేయర్లు, తయారు చేసిన జపాను కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో ఆ పని ఆపేసింది. ఇప్పుడున్న ప్లేయర్లు పోతే కొత్తవి రావు. మీ నాయనమ్మ అప్పగింతల్లో మీ అమ్మను దగ్గరికి తీసుకుని మాట్లాడిన మాటలు ఆ టేపులో తప్ప మరెక్కడా లేవమ్మా. ఆవిడ గొంతు మా దగ్గర మరో చోట లేదు.

క్యాసెట్టు కిటికీ వైపు మంచి వెలుతురులో ఒక ఫొటో తీసి నాకు పంపు. టేపు చుట్టలు నున్నగా నల్లగా ఉన్నాయో, తెల్లగా పొడి పట్టాయో చూసి చెబుతాను. అంతవరకు దాన్ని మొదటికి తిప్పి ఉంటే అలాగే, నిలువుగా, నేలకు దూరంగా ఉంచు. ప్లేయరు మీద మాత్రం పెట్టకు, వేడెక్కుతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న