పాఠకుల ప్రశ్నలు: ఆఫ్ రోడ్ ప్యాకుకి ఎంత పెట్టొచ్చు?

ప్రశ్న: అంతర్వేది దగ్గర రొయ్యల చెరువులున్నాయండి. రోజూ వెళ్లి రావాలి. చివర మూడు కిలోమీటర్లు పుంత (మట్టి దారి), ఆపైన చెరువు గట్టు. వానాకాలం బండి దిగబడని వారం ఉండదు. కొత్త ఎస్‌యూవీకి షోరూము వాళ్లు మూడు కొటేషన్లు ఇచ్చారు. టూ వీల్ డ్రైవ్ 18.60 లక్షలు, అదే బండి ఫోర్ బై ఫోర్‌లో 20.60, దాని మీద కంపెనీ ఆఫ్ రోడ్ ప్యాకు కలిపితే 21.80. అన్నీ ఎక్స్ షోరూమే. ప్యాకులో ఏటీ టైర్లు (ఆల్ టెరైన్, అన్ని దారులకీ పనికొచ్చేవి), అడుగున స్టీలు ప్లేట్లు, పక్కన రెయిళ్లు, స్నార్కెల్ (ఇంజనుకి పైనుంచి గాలి అందించే గొట్టం), పైన క్యారియరు, లైట్ బారు వస్తాయి. వెనక డిఫరెన్షియల్ లాకు ఫోర్ బై ఫోర్‌తోనే వస్తుందట. ఎంతవరకు వెళ్లమంటారు?
– ఆక్వా రైతు, సఖినేటిపల్లి

జవాబు: ఫోర్ బై ఫోర్ వరకు వెళ్లండి, ప్యాకు దగ్గర ఆగండి. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు చక్రాలకూ బలం పంపే గేరు పెట్టె), అందులోని లో రేంజి గేర్లు (మెల్లగా, ఎక్కువ బలంతో లాగేవి), డిఫరెన్షియల్ లాకు, ఈ మూడూ ఫ్యాక్టరీలో పడాల్సినవి. తర్వాత పెట్టించాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది, వారంటీ చిక్కు వేరే. ప్యాకులో మీరు రాసినవన్నీ బోల్టులతో ఎక్కేవే. అవసరం తెలిశాక ఒక్కొక్కటిగా ఎక్కించుకోవచ్చు.

ముందు లెక్క. 1.20 లక్షల ప్యాకు 1.20 లక్షలతో పోదు. బండి బిల్లులో కలిసిందంటే దాని మీద కూడా బండికి పడే 40 శాతం జీఎస్టీయే. అదే సామాను విడిగా యాక్సెసరీస్ బిల్లు మీద తీసుకుంటే 18 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి నడుస్తున్న రేట్లివి. ఎక్స్ షోరూము ధరలో జీఎస్టీ కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఈ తేడా కొటేషనులో కంటికి ఆనదు. ఆనేది జీవిత పన్ను. మన రాష్ట్రంలో 10 నుంచి 20 లక్షల బండికి 17 శాతం, 20 దాటితే 18, అదీ మొత్తం ధర మీద. అంటే మీ మొదటి కొటేషనుకి 3,16,200, రెండోదానికి 3,70,800, మూడోదానికి 3,92,400. మొదటిదానికీ మూడోదానికీ తేడా 3.20 లక్షలనుకుంటున్నారు, పన్నుతో అది 3.96 లక్షలైంది. ఆ సొమ్ము తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఐదేళ్ల లోనులో పెడితే నెలకు సుమారు 8,320 రూపాయలు. వడ్డీయే లక్షా మూడు వేలు. ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు గానీ, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది, దాన్ని ఖర్చులో వేసుకోకండి. ఒక మాట అడిగి చూడండి: సన్‌రూఫ్, పెద్ద స్క్రీను లేని కింది వేరియంటులో ఫోర్ బై ఫోర్, లాకు దొరికి ధర 20 లోపు ఉంటే పన్నులోనే బాగా మిగులుతుంది.

ఇక లాకు ఎందుకంటే, పుంతలో జరిగేది ఇదీ: ఎడమ చక్రం ట్రాక్టరు గాడిలో దిగుతుంది, కుడి చక్రం గట్టి నేల మీదే ఉంటుంది. రెండు చక్రాలకీ బలం పంచే గేర్ల పెట్టే డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్‌తో, జారే చక్రానికి ఎంత పట్టుంటే రెండోదానికీ అంత బలమే అందుతుంది. అందుకే ఒకటి గిర్రున తిరుగుతుంటే రెండోది కదలదు. లాకు నొక్కితే రెండూ కలిసే తిరగాలి. కొన్ని బండ్లలో లాకు బదులు, జారే చక్రాన్ని బ్రేకుతో పట్టి రెండోవైపు బలం పంపే ఏర్పాటు ఉంటుంది. మారుతీ జిమ్నీలో ఉన్నది అదే. ఇసుకలో, కంకరలో ఫరవాలేదు. రేగడిలో మాత్రం చక్రం ముందు జారితే గానీ అది మేలుకోదు, ఆ నాలుగు తిప్పుళ్లకే టైరు గుంట తవ్వేస్తుంది. మహీంద్రా థార్ రాక్స్ ఫోర్ బై ఫోర్‌లో వెనక ఎలక్ట్రానిక్ లాకు ఉంది, ఫోర్స్ గూర్ఖాలో ముందూ వెనకా రెండింటికీ ఉంది. మన బురదకి వెనకది చాలు. దిగబడ్డాక కాదు, గాడిలోకి దిగబోయే ముందే ‘ఫోర్ లో’ (లో రేంజి గేరు) వేసి లాకు నొక్కండి. వంపు రాగానే తీసేయాలి, లేకపోతే బండి తిరగనంటుంది.

ప్యాకులో ఒక్కొక్కటీ చూద్దాం. అడుగు ప్లేట్లు, పక్క రెయిళ్లు రాళ్ల దారుల కోసం. డెల్టాలో రాయి కావాలంటే లారీలో తెప్పించుకోవాలి. పైగా ప్లేటుకీ ఛాసిస్‌కీ మధ్య ఇరుక్కున్న ఉప్పు బురద వేసవి దాకా ఆరదు, తుప్పు అక్కణ్ణుంచే మొదలు. ఆ డబ్బులో చిన్న భాగం పెట్టి ఛాసిస్ లోపలి గొట్టాల్లోకి యాంటీ రస్ట్ వ్యాక్స్ కొట్టించండి. అదీ కొత్త బండికి, బురద తగలకముందే. పైకి నల్లగా దట్టంగా పూసే రబ్బరు కోటింగు పగిలితే లోపల నీరు నిలిచి మరింత తింటుంది. అడుగు కడిగేది కాలవ నీళ్లతో. తీరం దగ్గర బోరు నీరే ఉప్పగా ఉంటుంది, దాంతో కడిగితే పని రెట్టింపు.

ఏటీ టైర్లు పనికొస్తాయి గానీ, ఏదో మంత్రం అనుకోవద్దు. గాళ్లలో రేగడి నిండిందంటే అది నున్నటి టైరే. గాలి తగ్గించడమే అసలు మందు: 32 పీఎస్ఐ ఉన్నది బురదలో 20కి, అంతర్వేది ఇసుకలో 16 నుంచి 18కి దించండి. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ కొట్టుకోవాలి, అందుకు బ్యాటరీతో నడిచే కంప్రెసరు బండిలో ఉండాలి. బండితో వచ్చిన టైర్లు అరిగాకే ఏటీ వేయించండి, ఆర్‌సీలోని సైజులోనే. క్యారియరుతో బరువు పైకెక్కి గట్టు మీద బండి ఊగుతుంది, వద్దు.

గట్టు అన్నారు కాబట్టి ఇది తప్పక చూసుకోండి. చెరువు గట్టు మీద ప్రమాదం గ్రౌండ్ క్లియరెన్సు తక్కువై రాదు, అంచు జారితే వస్తుంది. థార్ రాక్స్ వెడల్పు 1,870 మిల్లీమీటర్లు, జిమ్నీ 1,645, బరువు సుమారు 1,200 కిలోలే. లాకు లేకపోయినా సన్నటి గట్టు మీద జిమ్నీయే నయం. టేపు తీసుకెళ్లి మీ గట్టు పైవెడల్పు కొలవండి. బండి వెడల్పు పోను రెండు వైపులా అరమీటరైనా గట్టి నేల మిగలకపోతే ఏ ప్యాకూ కాపాడదు, బండిని పుంత చివర ఆపి బైకు మీద వెళ్లడమే. ముందు బంపరు కింద కోణం మాట ఎంత గొప్పగా చెప్పినా, మీకు అది పనికొచ్చేది నరసాపురం పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) ఎక్కేటప్పుడే.

నెలకోసారి పదిహేను కిలోమీటర్లైనా తడి దారిలోనో మట్టి దారిలోనో ఫోర్ బై ఫోర్‌లో నడపండి, లేకపోతే ముందు షాఫ్టుల్లో సీళ్లు ఎండిపోతాయి, ఫోర్ బై ఫోర్‌కి మార్చే మోటారు పట్టేస్తుంది. పొడి తారు మీద మాత్రం వేయకండి, గేర్లు బిగుసుకుంటాయి. దిగబడి ట్రాక్టరు పిలిచినప్పుడు గొలుసు కంపెనీ హుక్కుకే కట్టాలి. బంపరుకి, స్టీరింగు రాడ్డుకి కడితే లాగిన వాడి తప్పేం లేదు.

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక. నీళ్లొస్తే కాజ్‌వే మునుగుతుంది. కొత్త బండి 650 మిల్లీమీటర్ల నీళ్లలో పోతుందని, స్నార్కెల్ వేయిస్తే ఇంకా లోతుకి పోవచ్చని అంటున్నారు. నిజమేనా?
– కొబ్బరి రైతు

జవాబు: నిజం కాదు. కంపెనీ చెప్పే లోతు నిలిచిన నీళ్లకి, మెల్లగా నడిపినప్పటి లెక్క. థార్, రాక్స్‌లకు 650, గూర్ఖాకు 700, జిమ్నీకి 300 మిల్లీమీటర్లు. స్నార్కెల్ ఇంజనుకి గాలి పైనుంచి అందిస్తుంది, అంతే. ఆల్టర్నేటరు, వైర్ల జాయింట్లు, తలుపు రబ్బర్లు ఉన్నచోటే ఉంటాయి. పైగా పారే నీరు వేరు. ఒక అడుగు ప్రవాహం చిన్న కారుని తేల్చేస్తుంది, రెండడుగులైతే ఎస్‌యూవీలూ కొట్టుకుపోతాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. లంకల కాజ్‌వేలు చాలా వరకు అంతకు ముందే మునుగుతాయి కాబట్టి ఆ హెచ్చరిక కోసం కూర్చోవద్దు. నీరు కాజ్‌వే దాటి పారుతుంటే పడవే.

స్నార్కెల్ డబ్బు పెట్టదలిస్తే బ్రీదర్ల మీద పెట్టండి. వేడెక్కిన ఆక్సిలు చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుదించుకుని, పైనున్న సన్నటి బ్రీదరు గొట్టం ద్వారా నీటిని పీల్చుకుంటుంది. గేరాయిలు పాలు కలిపిన కాఫీ రంగుకి తిరుగుతుంది, బేరింగులు పోతాయి. గొట్టం చివర ఎక్కడుందో సర్వీసు వాళ్లని అడగండి. ఆక్సిలు మీదే ఆగిపోయి ఉంటే 8 మిల్లీమీటర్ల డీజిలు పైపుతో పైకి పొడిగించి చివర చిన్న ఫిల్టరు పెట్టిస్తే చాలు, చవకలో పోతుంది. నీళ్లలో దిగిన ప్రతిసారీ డిఫరెన్షియల్ ఫిల్లర్ ప్లగ్గు తీసి ఆయిలు రంగు చూడండి.

నీళ్లలో ఇంజను ఆగితే మళ్లీ స్టార్టు చేయొద్దు. సిలిండరులోకి చేరిన నీరు నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మామూలు పాలసీలో ఈ నష్టం రావడం కష్టం. ఇంజను ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ మొదటి ఏడాదే తీసుకోండి.

ప్రశ్న: టెక్సాస్‌లో ఉన్న మా అబ్బాయి ఫోర్డ్ బ్రోంకో కొంటున్నాడు. సాస్క్వాచ్ ప్యాకేజీ తీసుకోమంటారా?
– భీమవరం నుంచి ఒక తండ్రి

జవాబు: ఇక్కడ మేం వద్దన్న ప్యాకుకీ దానికీ పోలిక లేదు. అందులో 35 అంగుళాల టైర్లతో పాటు ముందూ వెనకా లాకులు, 4.7 ఫైనల్ డ్రైవ్ (ఆక్సిలులోని గేరు నిష్పత్తి), బిల్‌స్టీన్ కంపెనీ డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) వస్తాయి. గేరు నిష్పత్తి మార్చి, రెండు ఆక్సిళ్లకూ లాకులు బయట పెట్టించుకుంటే కూలీతో కలిపి అంతకంటే ఎక్కువే అవుతుంది. కొండల్లోకి వెళ్లే అలవాటుంటే తీసుకోమనండి. ఆఫీసుకీ ఫ్రీవేకీ అయితే టైర్ల మోత, మైలేజీ నష్టం, నాలుగు టైర్లు మార్చే ఖర్చు మాత్రమే మిగులుతాయి. తర్వాత బండి ఇక్కడికి పంపిస్తానంటే, ఎడమ స్టీరింగుది కనుక కుదరదు.

ప్రశ్న: షోరూములో బుల్ బారు (బంపరు ముందు బిగించే ఇనుప కమ్మీ) ఉచితంగా బిగిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
– రాజోలు పాఠకుడు

జవాబు: వద్దు. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటిని తీయించమని రాష్ట్రాలకు రాసింది. పట్టుకుంటే జరిమానా బండి యజమానికీ పడుతుంది. ఉచితమే ఇవ్వదలిస్తే ఒక జత 4.75 టన్నుల షాకిల్సు (లాగే తాడు తగిలించే ఇనుప కొక్కేలు), పార ఇమ్మనండి.